ఐదు చక్రాలు, రెండు బళ్ళు

సాయంత్రం కాలేజీలు వదిలాక ఎలమంచిలి రైల్వే స్టేషన్లో ఒక బెంచీని ఊహించుకోండి. తుని వైపు వెళ్ళే పాసింజరు కోసం పుస్తకాల సంచులు ఒళ్ళో పెట్టుకుని ఇద్దరమ్మాయిలు కూర్చున్నారు. ఒకామె ఎంపీసీ, ఇంకొకామె బైపీసీ. లెక్కలు ఒకరివి, జంతుశాస్త్రం ఇంకొకరిది. కెమిస్ట్రీ మాత్రం ఇద్దరికీ ఉమ్మడి. ఎంపీసీ అమ్మాయి ఇంట్లో చెరకు వేస్తారు, చలికాలం వస్తే వాళ్ళ పొలంలో బెల్లం పెనం పొగలు కక్కుతుంది. బైపీసీ అమ్మాయిది ఏటికొప్పాక, వరాహ నది పక్కన అంకుడు కర్రతో లక్కపిడతలు, బొంగరాలు, చక్రాల బళ్ళు చేసే ఊరు. ఈ ఇద్దరూ నేను ఊహించుకున్న పిల్లలే. వాళ్ళ ఒళ్ళో ఉన్న లెక్క మాత్రం నిజమైనది. పోటీ పరీక్షల్లో తరచూ కనిపించేదే, ఏటా ఎందరినో బోల్తా కొట్టించేదే.

ఒక ఉక్కు పాత్రలో 10 గ్రాముల హైడ్రోజన్, 64 గ్రాముల ఆక్సిజన్ నింపి నిప్పురవ్వ తగిలించారు. ఎంత నీరు తయారవుతుంది?

ఎంపీసీ అమ్మాయి అరనిమిషంలో చేసేసింది. హైడ్రోజన్ అణుభారం 2 కాబట్టి 10 గ్రాములంటే 5 మోల్‌లు. ఒక మోల్ హైడ్రోజన్‌కు ఒక మోల్ నీరు. 5 మోల్‌ల నీరు, మోల్‌కు 18 గ్రాముల చొప్పున 90.

"తొంభై" అంది.

"వేసిందెంతే?" అంది ఏటికొప్పాక పిల్ల.

"పదీ, అరవై నాలుగూ. డెబ్బై నాలుగు."

"డెబ్బై నాలుగు వేస్తే తొంభై ఎలా వచ్చిందే?"

కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. తప్పు ఉందని తెలిసింది, ఎక్కడుందో తెలియలేదు. ఆక్సిజన్ చాలలేదేమో అంది ఒకామె. అరవై నాలుగు ఉంటే చాలకపోవడమేటి, హైడ్రోజన్ పదే కదా, ముందు అయిపోయేది అదే కదా అంది రెండో ఆమె. అప్పుడు ఏటికొప్పాక పిల్ల రఫ్ నోటు లాక్కుని రెండు బుట్టల బొమ్మ వేసింది. ఒక బండికి ఒక పెట్టె, రెండు చక్రాలు కావాలి. పెట్టె ఒక్కోటి 32 గ్రాములు, చక్రం ఒక్కోటి 2 గ్రాములు. చక్రాల బుట్ట తూస్తే 10 గ్రాములు వచ్చింది, పెట్టెల బుట్ట తూస్తే 64.

"చక్రాలెన్ని?"

"ఐదు."

"పెట్టెలు?"

"రెండే." అని ఆగి, "బళ్ళు రెండే అవుతాయి. చక్రం ఒకటి మిగిలిపోద్ది" అంది ఎంపీసీ అమ్మాయి.

తూకంలో ఎక్కువ కనబడ్డ బుట్టలో లెక్కకు రెండే పెట్టెలున్నాయి. బరువుగా ఉండడం వేరు, చాలినన్ని ఉండడం వేరు. మోల్ అనే భావన పుట్టింది ఈ తేడా కోసమే. అణువులు ఒకదానితో ఒకటి కలిసేటప్పుడు బరువు చూసుకోవు, ఒకటికి రెండు, రెండుకు మూడు అని లెక్క ప్రకారం కలుస్తాయి. మన చేతిలో తక్కెడ ఉంది గాని అణువుల్ని లెక్కపెట్టే సాధనం లేదు. బరువు నుంచి లెక్కకు దారి చూపేదే మోల్. ఒక మోల్‌లో 6.02214076 ఇంటూ 10 పవర్ 23 కణాలు. 2019 మే 20 నుంచి ఈ సంఖ్యనే మోల్‌కు కచ్చితమైన నిర్వచనంగా తీసుకున్నారు. ముందుగా అయిపోయి చర్యను ఆపేసే పదార్థాన్ని మన పిల్లలు లిమిటింగ్ రియేజెంట్ అంటారు. ఇక్కడ అది ఆక్సిజన్. ఈ ఊరికి దగ్గర్లోనే అచ్యుతాపురంలో, పరవాడలో మందుల కర్మాగారాల రియాక్టర్లు నడుస్తున్నాయి. అలాంటి చోట ఖరీదైన పదార్థం వృథా పోకుండా చౌకైనదాన్ని కాస్త ఎక్కువ వేయడమనేది రోజూ చేసే పని. రెండు బుట్టల లెక్కే అది.

కథ అక్కడితో అయిపోలేదు. నాకు ఎక్కువ ఇష్టమైన భాగం తర్వాత వస్తుంది. ఎంపీసీ అమ్మాయి సమీకరణం వంక చూసి అడిగింది: "బళ్ళు రెండైతే నీళ్ళు కూడా రెండు మోల్‌లే రావాలి కదే? రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ కలిస్తే రెండు నీళ్ళు అని రాసుందేటి? ఒక పెట్టెతో రెండు బళ్ళెలా అవుతాయి?"

పోలిక చెప్పిన పిల్ల దగ్గర దీనికి జవాబు లేదు. బండి పోలిక అక్కడ తెగిపోయింది.

ఇది చిన్న సందేహం కాదు. యూరప్ రసాయన శాస్త్రాన్ని యాభై ఏళ్ళపాటు పట్టి పీడించిన సందేహం. 1808లో ఫ్రాన్స్‌లో గే లుసాక్ వాయువుల ఘనపరిమాణాలు కొలిచి ఒక వింత బయటపెట్టాడు. రెండు పాళ్ళ హైడ్రోజన్, ఒక పాలు ఆక్సిజన్ కలిస్తే రెండు పాళ్ళ నీటి ఆవిరి వస్తోంది. పరమాణు సిద్ధాంతం ఇచ్చిన జాన్ డాల్టన్ దీన్ని ఒప్పుకోలేకపోయాడు. ఆయన వాదన సరిగ్గా మన అమ్మాయి వాదనే. ఒక ఆక్సిజన్ కణం రెండు నీటి కణాల్లో ఉండాలంటే అది సగానికి విరగాలి. పరమాణువు విరగదు కదా! ఆయన లెక్కలో నీరంటే ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్, అంతే. 1811లో ఇటలీ నుంచి అవొగాడ్రో జవాబు చెప్పాడు. విరిగేది పరమాణువు కాదు, రెండు పరమాణువులు జతకట్టిన అణువు. గాలిలోని ఆక్సిజన్ జంటలు జంటలుగా తిరుగుతుంది. చర్యలో ఆ జంట విడిపోయి, ఒకటి ఒక నీటి అణువులోకి, రెండోది ఇంకో నీటి అణువులోకి పోతుంది.

ఎవరూ వినిపించుకోలేదు. ఒకే రకం పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయంటే ఆనాటి వారికి నమ్మశక్యంగా లేదు. ఫలితంగా ఎవరి ఫార్ములా వారిది, ఎవరి పరమాణు భారం వారిది. ఆక్సిజన్ భారం కొందరికి 8, కొందరికి 16. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లానికి చలామణీలో ఉన్న 19 రకాల ఫార్ములాలను రసాయన శాస్త్రవేత్త కెకూలే 1861 నాటి తన పాఠ్యపుస్తకంలో వరసగా అచ్చు వేశాడు. ఒక్క పదార్థానికి పంతొమ్మిది! ఇవాళ మన పిల్లవాడు ఫార్ములా తప్పు రాస్తే చీవాట్లు పెడతాం. ఆ రోజుల్లో ప్రొఫెసర్లకే సరైనది ఏదో తెలియదు.

ఆ చిక్కు విడిపోవడానికి వాళ్ళంతా ఒక గదిలో కూర్చోవలసి వచ్చింది. 1860 సెప్టెంబర్ 3 నుంచి 5 వరకు జర్మనీలోని కార్ల్‌స్రూహె పట్టణంలో వందకు పైగా రసాయన శాస్త్రవేత్తలు సమావేశమయ్యారు. ఒక దేశం ఎల్లలు దాటి రసాయన శాస్త్రవేత్తలు అలా కలవడం అదే మొదలు. మూడు రోజులు వాదించుకున్నారు, తీర్మానం ఏదీ కుదరలేదు. చివర్లో కానిజారో అనే ఇటలీ అధ్యాపకుడు రాసిన చిన్న పుస్తకాన్ని ఆయన మిత్రుడు పంచిపెట్టాడు. జెనోవాలో తన విద్యార్థులకు పాఠం ఎలా చెబుతున్నాడో వివరిస్తూ 1858లో రాసిన ఉత్తరమే ఆ పుస్తకం. మరుగున పడిన అవొగాడ్రో మాటను పట్టుకుని పరమాణు భారాలు ఒక్కొక్కటిగా ఎలా తేలతాయో అందులో విడమరిచాడు. తిరుగు ప్రయాణంలో అది చదివిన లోథార్ మేయర్‌కు సందేహాలు తీరాయి. ఆ సభలో 26 ఏళ్ళ మెండలీఫ్ కూడా ఉన్నాడు. సరైన పరమాణు భారాలు చేతికి రాబట్టే 1869లో ఆవర్తన పట్టిక సాధ్యమైంది. అవొగాడ్రో మాత్రం ఇదంతా చూడలేదు, 1856లోనే పోయాడు.

ప్రయోగశాలలో కొత్త ప్రయోగమేదీ జరగలేదు. తెలిసిన విషయాలనే ఒక అధ్యాపకుడు విద్యార్థులకు చెప్పే వరసలో తోటివాళ్ళకు చెప్పాడు, అంతే.

బెంచీ దగ్గరకు వద్దాం. రెండు బళ్ళంటే రెండు మోల్‌ల ఆక్సిజన్ ఖర్చయింది. ఒక్కో పెట్టె రెండుగా చీలి, ఒక్కో ముక్కకు ఒక్కో చక్రం తగులుకుందని చూసుకుంటే నీరు 4 మోల్‌లు, అంటే 72 గ్రాములు. మిగిలిన చక్రం 2 గ్రాములు. కలిపితే 74. వేసిందీ, వచ్చిందీ సరిపోయాయి.

ఇంత చిన్న లెక్కలో తెలివైన పిల్ల ఎందుకు తడబడింది? గ్లాస్గో విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్ర బోధన మీద జీవితకాలం పనిచేసిన అలెక్స్ జాన్‌స్టన్ దీనికి రెండు కారణాలు చూపించాడు. మొదటిది, కెమిస్ట్రీ మూడు అంతస్తుల్లో నడుస్తుంది. కంటికి కనబడేది ఒకటి: నీరు, నిప్పు, పొగ, రంగు. కనబడని అణువుల ప్రపంచం రెండోది. కాగితం మీద రాసుకునే గుర్తులు, సమీకరణాలు, అంకెలు మూడోది. మాస్టారు ఒకే వాక్యంలో ఈ మూడింటి మధ్య ఎక్కి దిగిపోతూ ఉంటారు. ఆయనకు అది అలవాటు, ఏ మెట్టు మీద ఉన్నారో ఆయనకే తెలియదు. విద్యార్థి మాత్రం ఒక అంతస్తులోనే, ఎక్కువగా గుర్తుల అంతస్తులో, ఉండిపోతాడు. 1987లో అమెరికాలో నురెన్‌బర్న్, పికరింగ్ అనే ఇద్దరు చేసిన పరిశీలన ఈ సంగతిని తేటతెల్లం చేసింది. వాయు నియమాల లెక్కలు సరిగ్గా చేసిన విద్యార్థుల్లోనే చాలామంది, అదే వాయువులోని కణాలు పాత్రలో ఎలా ఉంటాయో చూపే బొమ్మను గుర్తుపట్టలేకపోయారు. లెక్క వచ్చు, దాని వెనకున్న వస్తువు తెలియదు.

రెండో కారణం బుర్రలో చోటు. మనం ఒకేసారి మనసులో పట్టి ఉంచగలిగే విషయాలు చాలా తక్కువ. జాన్‌స్టన్, ఆయన శిష్యుడు ఎల్ బన్నా 1986లో గమనించిందేమంటే, ఒక ప్రశ్నకు కావలసిన ఆలోచనా మెట్లు ఐదారు దాటగానే సరిగ్గా రాసేవారి సంఖ్య మెల్లగా తగ్గదు, ఒక్కసారిగా పడిపోతుంది. మన నీటి లెక్కలో మెట్లు చూడండి. సమీకరణం తుల్యం చేయాలి, రెండు వాయువులనూ మోల్‌లలోకి మార్చాలి, నిష్పత్తి చూడాలి, ఏది ముందు అయిపోతుందో తేల్చాలి, నీరు ఎన్ని మోల్‌లో కట్టాలి, దాన్ని మళ్ళీ గ్రాముల్లోకి తేవాలి, చివరికి మొత్తం సరిపోయిందో లేదో చూసుకోవాలి. ఏడెనిమిది మెట్లు. ఆరితేరినవాడు వాటిలో మూడు నాలుగింటిని ఒకే మెట్టుగా కట్టేసుకుంటాడు. కొత్తవాడికి ఒక్కోటీ ఒక్కో బరువే.

పక్కన కూర్చున్న మనిషి ఉపయోగం ఇక్కడే ఉంది. ఒకరు అంకెలు పట్టుకుని ముందుకు పోతుంటే రెండోవాళ్ళు చివరి మెట్టును, ఆ 74ను, మనసులో పట్టుకుని ఉన్నారు. రెండు బుర్రల్లో చోటు కలిస్తే ఏడు మెట్లు పడతాయి. ఆ రెండో మనిషి కూడా నిన్నమొన్ననే ఆ మెట్టు దగ్గర జారిపడ్డవాళ్ళయితే మరీ మంచిది, ఎక్కడ జారుతుందో వాళ్ళకింకా గుర్తుంటుంది. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో ఈ సంగతి తరగతిలోనే చూశాడు. ఒక ప్రశ్నను ఎంత వివరించినా పిల్లల మొహాల్లో వెలుగు రాకపోతే, మీలో మీరు మాట్లాడుకోండి అన్నాడు. కొద్ది నిమిషాల్లో వాళ్ళే తేల్చుకున్నారు. తర్వాత ఆయన దాన్నొక పద్ధతిగా మలిచాడు. ముందు ఎవరికి వారు జవాబు రాయాలి, పక్కవారితో వాదించాలి, మళ్ళీ రాయాలి.

ఇదంతా హార్వర్డ్‌లో పుట్టిందనుకుంటే మన వీధి బడులకు అన్యాయం చేసినట్టే. 1823లో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని బడుల మీద మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. ఆయన తెలుగుకు వ్యాకరణం, నిఘంటువు రాసిన మనిషి కూడా. ఆ జిల్లాలో లెక్క తేలిన 533 బడుల్లో 226 తెలుగు బడులు. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుకునే పొదుపునూ, కాస్త ముందున్న పిల్లలు వెనకున్నవారికి చెప్పే పద్ధతినీ ఆయన మెచ్చుకున్నాడు. చెప్పేవాడి చదువు కూడా దాంతో గట్టిపడుతుందని ప్రత్యేకంగా రాశాడు. ఇంగ్లాండు దీన్ని అనుకరించడం సబబేనని కూడా అన్నాడు. ఆ అనుకరణ వెనకున్న కథ మద్రాసులోని ఎగ్మూరుది. అక్కడి సైనికుల అనాథ బాలుర ఆశ్రమాన్ని 1789 నుంచి చూసుకున్న ఆండ్రూ బెల్, దగ్గర్లోని ఒక బడిలో పిల్లలు ఇసుకలో రాసుకోవడం చూశాడు. తన దగ్గరి ఉపాధ్యాయులు ఆ పని చేయలేకపోతే ఎనిమిదేళ్ళ పిల్లవాడికి అప్పగించాడు. 1797లో లండన్లో ఆ అనుభవం అచ్చు వేశాడు. ఆ పద్ధతికి మద్రాసు విధానమని పేరు, ఇంగ్లాండులో వేల బడులు దాన్ని పట్టుకున్నాయి.

అయితే అక్కడ అది చౌక చదువుగా మారి, వల్లె వేయించే కవాతుగా దిగజారిందన్నది కూడా నిజం. మన బడుల్లోనూ లోపం లేకపోలేదు. పిల్లలు పద్యాలు అర్థం తెలియకుండా బట్టీ పడుతున్నారని అదే క్యాంప్‌బెల్ అదే నివేదికలో బాధపడ్డాడు. పక్కవాడి చేత చెప్పించినంత మాత్రాన అర్థం రాదు. ఏం చెప్పించాం, ఎలా చెప్పించాం అన్నది ముఖ్యం.

ఈ విషయంలో కాలిఫోర్నియాలో నోరీన్ వెబ్ అనే పరిశోధకురాలు చిన్న చిన్న గుంపుల్లో చదువుకునే పిల్లల మాటల్ని ఏళ్ళ తరబడి వింది. ఆమె తేల్చింది మన స్టడీ అవర్లకు నేరుగా వర్తిస్తుంది. వివరించినవాడు బాగా లాభపడతాడు. వివరణ అడిగి, వివరణ పొంది, దాంతో తనే మరో లెక్క చేసినవాడు కూడా లాభపడతాడు. ఉత్త జవాబు పొందినవాడికి ఒరిగేదేమీ లేదు, కొన్నిసార్లు నష్టం కూడా. "ఆన్సర్ ఎంతొచ్చింది?" "డెబ్బై రెండు." అక్కడితో ఆగిపోతే అది సాయం కాదు. ఎంసెట్ రోజుల నుంచి ఇప్పటి ఈఏపీసెట్ దాకా మన పిల్లల మధ్య ఎక్కువగా చేతులు మారేది ఇదే: జవాబు, లేదా షార్ట్‌కట్. మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో కెమిస్ట్రీ 40. సగటున ఒక్కో ప్రశ్నకు 67 సెకన్ల చిల్లర. ఈ లెక్క చూస్తే షార్ట్‌కట్ మీద మోజు ఎందుకో అర్థమవుతుంది, వాళ్ళను తప్పుపట్టలేను. కానీ షార్ట్‌కట్ అనేది అప్పటికే నడిచిన దారికి గుర్తు మాత్రమే. దారి నడవనివాడికి ప్రశ్న కాస్త మారగానే ఆ గుర్తు పనికిరాదు.

ఇంకో పరిశోధన నన్ను బాగా ఆలోచింపజేసింది. 1989లో మిషెలిన్ చీ బృందం, చేసి ఉన్న భౌతికశాస్త్రపు లెక్కలు చదివేటప్పుడు విద్యార్థులు తమలో తాము ఏమనుకుంటున్నారో బయటికి చెప్పమని అడిగి రికార్డు చేసింది. తర్వాత లెక్కలు బాగా చేసినవాళ్ళు చదివేటప్పుడు "ఇది ఎందుకు?" అని ఎక్కువసార్లు తమకు తామే చెప్పుకున్నారు, "ఇక్కడ నాకు అర్థం కాలేదు" అని కూడా ఎక్కువసార్లు ఒప్పుకున్నారు. సరిగ్గా చేయలేనివాళ్ళు అర్థమైపోయిందనుకుంటూ ముందుకు పోయారు. అర్థం కానిచోటు గుర్తుపట్టడం కూడా నేర్చుకోవలసిన విద్యే. ఒంటరిగా ఉన్నప్పుడు దాన్ని దాటేయడం సులువు. ఎదురుగా "ఎలాగే?" అని అడిగే మనిషి ఉంటే దాటేయలేం.

భాష సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. పదో తరగతి దాకా తెలుగులో చదివి ఇంటర్‌లో ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకం పట్టుకున్న పిల్లలు ఈ ప్రాంతంలో ఎందరో. స్ట్రాంగ్ యాసిడ్, కాన్సన్‌ట్రేటెడ్ యాసిడ్ రెండూ వాళ్ళ చెవికి ఒకటే, ఘాటైన యాసిడ్. నిజానికి బలం వేరు, గాఢత వేరు. నీళ్ళలో వేస్తే దాదాపు అణువులన్నీ అయాన్లుగా విడిపోయే హైడ్రోక్లోరిక్ ఆమ్లం బలమైనది, దాన్ని ఎంత పలచన చేసినా బలమైనదే. ఎసిటిక్ ఆమ్లం ఎంత గాఢంగా ఉన్నా బలహీనమైనదే, దాని అణువుల్లో కొద్ది వంతే విడిపోతుంది. గాఢత అంటే సంతలో ఎంతమంది ఉన్నారన్నది, బలం అంటే వాళ్ళలో ఎందరు చేతులు వదిలి విడివిడిగా తిరుగుతున్నారన్నది. ఇలాంటి మాట ఇంగ్లీషు పుస్తకంలో దొరకదు. అదే బల్ల మీద కూర్చుని, అదే తికమక పడి, తెలుగులో దాన్ని విప్పుకున్న స్నేహితురాలి నోట దొరుకుతుంది.

పాసింజరు ఇంకా రాలేదు. ఇప్పుడు ఏటికొప్పాక పిల్ల వంతు. రెండో సంవత్సరం రసాయన గతికశాస్త్రంలోని లెక్క. ఆమ్లం కలిసిన నీటిలో పంచదార గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోతుంది. ప్రథమ క్రమాంక చర్య. అర్ధాయువు 3 గంటలు. 8 గంటల తర్వాత ఎంత భాగం మిగులుతుంది? బైపీసీ వాళ్ళకు లాగ్ పట్టికలంటే గుబులు. ఆమె ఎలాగో చేసి 6.34 తెచ్చింది.

"ఒకటి తీసుకుంటే ఆరు మిగిలిందా? ఉడికిస్తే పంచదార పెరిగిపోద్దేటే?" అంది బెల్లం ఇంటి పిల్ల.

తర్వాత ఆమె చేసిన పని నాకు నచ్చుతుంది. లాగ్ పట్టిక తెరవలేదు. మూడు గంటలకు సగం, ఆరుకు పావు, తొమ్మిదికి అరపావు. ఎనిమిది గంటలంటే పావుకీ అరపావుకీ మధ్య, అరపావుకు దగ్గరగా. అంటే 0.25కీ 0.125కీ నడుమ ఎక్కడో ఉండాలి. జవాబు ఏ ఇంట్లో ఉందో తెలిశాకే తలుపు తట్టింది. 0.693ను 3తో భాగిస్తే రేటు స్థిరాంకం 0.231. దాన్ని 8తో గుణించి 2.303తో భాగిస్తే 0.8024. మిగిలిన భాగానికి లాగ్ విలువ మైనస్ 0.8024. ఆ మైనస్‌ను వదిలేసి యాంటీలాగ్ చూస్తే 6.34 వస్తుంది. మైనస్‌ను బార్ వన్‌గా మార్చుకుని .1976కు చూస్తే 0.158. ఇంటి చిరునామా కలిసింది.

ఈ లెక్కకు వెనక ఉన్న చరిత్ర చెరకు పండే ఈ నేలకు దగ్గరిది. ఒక రసాయన చర్య ఎంత వేగంగా జరుగుతుందో మొదటిసారి అంకెల్లో పట్టుకున్నది ఈ చర్య మీదే. 1850లో జర్మన్ శాస్త్రవేత్త లుడ్విగ్ విల్హెల్మి పంచదార ద్రావణం గుండా ధ్రువిత కాంతిని పంపాడు. పంచదార ఆ కాంతి తలాన్ని కుడివైపు తిప్పుతుంది. విడిపోయాక వచ్చే గ్లూకోజ్ కూడా కుడికే తిప్పుతుంది గాని, ఫ్రక్టోజ్ అంతకన్నా గట్టిగా ఎడమకు తిప్పుతుంది. చర్య సాగేకొద్దీ కుడి తిరుగుడు తగ్గి, సున్నా దాటి, ఎడమకు మళ్ళుతుంది. అందుకే దీన్ని చక్కెర విలోమం అన్నారు. గాజు గొట్టాన్ని కదిలించకుండా, చుక్క బయటికి తీయకుండా, కాంతి తిరిగిన కోణం చూస్తూ ఎంత పంచదార మిగిలిందో చెప్పగలిగాడు. మిగిలినది ఎంతో, వేగం అంత అని తేల్చాడు. ఆ పనిని దశాబ్దాల పాటు ఎవరూ పట్టించుకోలేదు. చక్కెర మిల్లుల్లో చెరకు రసం నాణ్యత చూసే పోల్ పరీక్ష కూడా కాంతిని తిప్పే ఈ గుణం మీదే ఆధారపడింది.

"ఇందులో నీళ్ళు కూడా ఖర్చవుతాయి కదా, మరి ప్రథమ క్రమాంకం ఎలా అయింది?" ఏటికొప్పాక పిల్ల అడిగింది. పుస్తకం దీన్ని మిథ్యా ప్రథమ క్రమాంక చర్య అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. లీటరు నీటిలో 1000ని 18తో భాగిస్తే 55.5 మోల్‌ల నీరుంది. అందులో 0.1 మోల్, అంటే 34.2 గ్రాముల పంచదార వేశామనుకోండి. అది మొత్తం విడిపోయినా ఖర్చయ్యే నీరు 0.1 మోల్. 55.5 కాస్తా 55.4 అయింది. వరాహ నదిలో బిందెడు ముంచినట్టు. నీరు తగ్గుతోంది, కానీ తగ్గినట్టు తెలియదు.

అసలు ఆమ్లం లేని చెరకు రసంలో ఈ చర్య మనకెందుకు అనుకుంటాం. చెరకు రసం ఆమ్లమే. తాజా రసం పీహెచ్ 5కు కాస్త పైన ఉంటుంది. ఆ పులుపుతోనే పెనంలో గంటల తరబడి మరిగితే పంచదార విడిపోయి విలోమ చక్కెర పెరుగుతుంది. ఫ్రక్టోజ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బెల్లం దిమ్మ గట్టిగా కట్టదు, వానాకాలానికి చెమ్మగిల్లి జారుతుంది. అందుకే రసం కాగేటప్పుడు సున్నం వేస్తారు. సున్నం పులుపును విరుస్తుంది, మడ్డిని పైకి తేలుస్తుంది. మితిమీరితే బెల్లం రంగు నల్లబడుతుంది. నరికిన చెరకును రోజుల తరబడి ఉంచకూడదని రైతులు తొందరపడేది కూడా ఇందుకే, గడలోనే విలోమం మొదలవుతుంది. అనకాపల్లి మార్కెట్లో దిమ్మ రంగు చూసి, గట్టిదనం చూసి ధర కట్టేటప్పుడు కొనేవాళ్ళు చూస్తున్నది ఒక రకంగా ఈ చర్య ఎంతవరకు జరిగిందన్నదే.

సున్నం సంగతి బెల్లం ఇంటి పిల్లకు చిన్నప్పటి నుంచి తెలుసు. పీహెచ్ కూడా తెలుసు. ఆ రెండూ ఒకటేనని ఇంతవరకు తెలియదు. "రసానికి సున్నం ఎందుకేస్తారే?" అని రెండో ఆమె మామూలుగా అడగబట్టి, చెప్పబోయి, మధ్యలో ఆగిపోయింది. జవాబు ఆమె నోట్లోనే కట్టుకుంది. 2009లో మిషెల్ స్మిత్ బృందం 'సైన్స్' పత్రికలో అచ్చు వేసిన ఒక అధ్యయనం సరిగ్గా ఇలాంటి క్షణాల గురించే. కొలరాడో విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్రం తరగతిలో పిల్లలు ముందు ఎవరికి వారు జవాబిచ్చారు, పక్కవారితో చర్చించి మళ్ళీ ఇచ్చారు. తర్వాత అదే భావన మీద కొత్త ప్రశ్నకు ఎవరికి వారు జవాబిచ్చారు. బాగా వచ్చినవాడిని చూసి మిగతావాళ్ళు రాసేస్తున్నారేమో అన్న అనుమానం ఆ మూడో మెట్టుతో తీరిపోయింది. గుంపులో మొదట ఒక్కరికీ సరైన జవాబు తెలియనప్పుడు కూడా చర్చ తర్వాత చాలామంది సరిగ్గా చేయగలిగారు. ఇద్దరి దగ్గరా సగం సగం ఉంటే చాలు.

ఎదురుగా ఉన్నవాళ్ళు రేపు ర్యాంకుల పట్టికలో పోటీదారులు కదా అనే భయం కొందరు తల్లిదండ్రులకు ఉంటుంది. ఆ భయం నాకు అర్థమవుతుంది గాని ఒప్పుకోలేను. బెంచీ మీద జరిగిందే చూడండి. మొదటి లెక్కలో చెప్పినది ఏటికొప్పాక పిల్ల. తన పోలిక ఎక్కడ తెగుతుందో ఆమెకు చెప్పకముందు తెలియదు. రెండో లెక్కలో చెప్పినది బెల్లం ఇంటి పిల్ల. తమ పెనంలో జరిగేది ఏమిటో ఆమెకు అంతకుముందు తెలియదు. ఇచ్చిన చేతిలోంచి ఏమీ పోలేదు.

రైలు కూత వినబడింది. సంచులు భుజాలకెత్తుకున్నారు.

"ఎన్ని లీటర్ల రసానికి ఎంత సున్నం ఏస్తారో మీ నాన్ననడుగు. రేపు మోల్‌లు కడదాం" అంది ఏటికొప్పాక పిల్ల.

"ఏటో, నాన్న గుప్పెళ్ళ లెక్క చెప్తాడు."

"గుప్పెడెంతో తూచుకుని రా. కాల్షియం హైడ్రాక్సైడ్ అణుభారం ఎంత?"

బెల్లం ఇంటి పిల్ల నడుస్తూనే వేళ్ళ మీద కూడింది. నలభై, రెండు పదహార్లు ముప్ఫై రెండు, రెండు హైడ్రోజన్లు. "డెబ్బై నాలుగు" అని అరచేతి మీద రాసుకుని బోగీ ఎక్కింది.